బాస్కెట్‌బాల్ జాతీయ జట్టు ఎట్లా తయారవుతుంది? వరంగల్ నుంచి ఒక చూపు

పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో, 2023లో వరుసగా బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఈ పేర్లు మాటల్లోకి వచ్చినప్పుడల్లా మా హనుమకొండలో ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది. చిన్న ఊళ్ల పిల్లలే ప్రపంచాన్ని గెలుస్తున్నప్పుడు, నూట నలభై కోట్ల జనం ఉన్న దేశం పన్నెండు మంది పొడుగాటి పిల్లల్ని ఏరి ఒక బాస్కెట్‌బాల్ జట్టు కట్టలేదా?

ఏరడం ఈ పనిలో అన్నిటికంటే చివర వచ్చేది. దానికి ముందు జరగాల్సినవి జరిగి ఉంటే సెలెక్టర్లు కాస్త అటూఇటూ తప్పు చేసినా జట్టు నిలబడుతుంది. అవి జరగకపోతే ఎంత నిజాయితీగా ఏరినా ఫలితం ఉండదు.

పరుగు సంగతి వేరు. 400 మీటర్లు కల్లెడలోనైనా పారిస్‌లోనైనా 400 మీటర్లే. చూడగలిగిన కన్నున్న కోచ్, ట్రాక్, సరైన తిండి, కొన్నేళ్ల ఓపిక ఉంటే ఒక్క మనిషి పైకి రావచ్చు. ఎంత మెరుగైందో గడియారమే చెప్తుంది. బాస్కెట్‌బాల్‌లో అట్లా కుదరదు. బంతి నడిపించే పాయింట్ గార్డ్, తనను రోజూ అడ్డుకునేవాడు ఎంత గట్టివాడైతే అంతవరకే ఎదుగుతాడు. ఒక ఊళ్లో ఒక్కడే గొప్పగా ఆడుతుంటే ఆ పిల్లవాడికి అది వరం కాదు, శాపం. వాడితో సమానంగా ఆడేవాళ్లు ఇంకో తొమ్మిదిమంది ఉంటే తప్ప ప్రాక్టీసే సాగదు. ఆ పదిమందికి మళ్లీ వారం వారం పక్క ఊరి పదిమంది ఎదురుపడాలి.

ఎందుకో తెలియాలంటే ఒక్క ఎత్తుగడను దగ్గరగా చూద్దాం. పిక్ అండ్ రోల్ అంటారు. ఏ దేశం జట్టైనా ఒక మ్యాచ్‌లో పదుల సార్లు ఆడుతుంది. బంతి గార్డ్ చేతిలో ఉంది. రింగ్ దగ్గర ఆడే పొడుగాటి సెంటర్ వచ్చి, గార్డ్‌ను కాస్తున్న డిఫెండర్ దారికి అడ్డంగా కదలకుండా నిలబడతాడు. గార్డ్ అతని భుజం రాసుకుంటూ దూసుకుపోతాడు. డిఫెండర్ ఒక అడుగు వెనకబడతాడు. ఇప్పుడు సెంటర్‌ను కాస్తున్న రెండో డిఫెండర్ తేల్చుకోవాలి, గార్డ్ మీదికి పోవాలా, తన మనిషి దగ్గరే ఉండాలా అని. పోతే సెంటర్ రింగ్ వైపు ఖాళీగా పరిగెత్తుతాడు. అతన్ని ఆపడానికి మూలనున్న మూడో డిఫెండర్ లోపలికి రావాలి. అతడు లోపలికొస్తే మూలనున్న షూటర్‌కు అడ్డు ఉండదు, ఆ షూటర్ మీదికి నాలుగోవాడు ఉరకాలి. ఇదంతా రెండు మూడు సెకన్ల పని. నలుగురూ ఒకేసారి కదలాలి, గొంతెత్తి ఒకరికొకరు చెప్పుకోవాలి. కోలాటంలో ఒక్కరు అడుగు ఆలస్యంగా తిరిగితే పక్కవాళ్ల కోలలు గాలిలో ఊగుతాయి కదా, ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ ఎదుటి ఐదుగురూ మన అడుగు తప్పించాలనే చూస్తుంటారు.

ఈ కదలిక వందల మ్యాచ్‌ల తర్వాత గానీ ఒంటబట్టదు. మరి జాతీయ జట్టు కోచ్‌కు దొరికే టైమ్ ఎంత? అంతర్జాతీయ సమాఖ్య ఫీబా 2017 నవంబర్ నుంచి అర్హత పోటీలను విండోలుగా ఆడిస్తోంది. సీజన్ మధ్యలో కొద్ది రోజులు సందు ఇస్తారు, ఆ సందులో రెండు మ్యాచ్‌లు. ఆటగాళ్లు తమ తమ క్లబ్బుల నుంచి వచ్చి, మూడు నాలుగు రోజులు కలిసి ప్రాక్టీస్ చేసి ఆడేసి, మళ్లీ వెళ్లిపోతారు. నవంబర్, ఫిబ్రవరి విండోలకు అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ తన ఆటగాళ్లను వదలదు. అందుకే చాలా దేశాల్లో అర్హత సంపాదించిపెట్టే జట్టు ఒకటి, అసలు టోర్నీలో ఆడే జట్టు ఇంకొకటి. అందరికీ ఒకే భాష, ఒకే పద్ధతి వచ్చి ఉంటేనే ఈ అతుకుల బొంత నిలబడుతుంది. క్యాంపులో ఆట నేర్పరు, వచ్చిన ఆటను సర్దుతారు.

పేరున్నవాళ్లను కుప్పపోస్తే ఏమవుతుందో అమెరికా చేసి చూసింది. 1988 సియోల్ ఒలింపిక్స్‌కు కాలేజీ పిల్లలతో వెళ్లి సోవియట్ జట్టు చేతిలో ఓడి కాంస్యంతో తిరిగొచ్చింది. 1989లో ఫీబా ప్రొఫెషనల్ ఆటగాళ్లకు తలుపు తెరిచింది. 1992 బార్సిలోనాలో ఎన్‌బీఏ స్టార్లతో కట్టిన డ్రీమ్ టీమ్ ఆడిందంటే అవతలి జట్లవాళ్లు మ్యాచ్ అయ్యాక ఫొటోలు దిగేవాళ్లు. పదేళ్లు తిరిగేసరికి ఆ ఫొటోలు చూసి పెరిగిన పిల్లలు పెద్దవాళ్లయ్యారు. 2002లో సొంతగడ్డ ఇండియానాపొలిస్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో అమెరికాది ఆరో స్థానం. 2004 ఏథెన్స్‌లో ప్యూర్టోరికో చేతిలో 92-73తో చిత్తయింది, సెమీస్‌లో అర్జెంటీనా ఓడించింది. బంగారం కూడా అర్జెంటీనాదే. మనూ జినోబిలీ, లూయిస్ స్కోలా వంటివాళ్లు ఏళ్ల తరబడి కలిసి ఆడిన జట్టది. అమెరికా జట్టులోనేమో పెద్ద పేర్లు చాలామంది రానన్నారు, వచ్చినవాళ్లు ఒకరినొకరు అర్థం చేసుకునేలోపే టోర్నీ అయిపోయింది.

తర్వాత వాళ్లు మార్చిన పద్ధతి చూడండి. 2005లో జెర్రీ కొలాంజెలో చేతికి మొత్తం వ్యవహారం అప్పగించారు. మూడేళ్లు మాట ఇచ్చినవాళ్లకే చోటు అన్నాడాయన. కోచ్‌గా మైక్ షషెఫ్‌స్కీ వచ్చాడు. 2006 ప్రపంచ పోటీల్లో గ్రీస్ చేతిలో ఓడారు, అయినా కోచ్‌ను తీసేయలేదు. అదే మన దగ్గరైతే మర్నాటికే ముగ్గురు రాజీనామా చేసేవాళ్లు. 2008 బీజింగ్ ఫైనల్లో స్పెయిన్‌ను 118-107తో ఓడించి బంగారం తీసుకున్నారు. ఆ తర్వాతి నాలుగు ఒలింపిక్ బంగారాలు కూడా వాళ్లవే. ప్రపంచ కప్‌లో మాత్రం ఆ జోరు నిలవలేదు. ప్రపంచ కప్‌కు పెద్దవాళ్లు రాకపోవడంతో 2019లో ఏడో స్థానం, 2023లో నాలుగు.

2023 కప్ గెలిచింది జర్మనీ. సెమీస్‌లో అమెరికాను 113-111తో, ఫైనల్లో సెర్బియాను 83-77తో ఓడించింది. వాళ్ల కోచ్ గోర్డన్ హెర్బర్ట్ కూడా ఆటగాళ్లను అడిగింది మూడు వేసవుల మాటే. ఇస్తే ఉండు, లేకపోతే లేదు. 2022 వేసవిలో రాని మాక్సి క్లేబర్, 2023కు వస్తానన్నప్పుడు కెప్టెన్ డెన్నిస్ ష్రోడర్ బయటికే అభ్యంతరం చెప్పాడు, క్లేబర్ తప్పుకున్నాడు. ఎన్‌బీఏలో ఆడే పొడుగాటి మనిషిని వదులుకోవడం చిన్న విషయం కాదు. కానీ నేను జర్మనీ నుంచి ఒక్కటే తెచ్చుకోవచ్చంటే ఈ ముచ్చటను వదిలేసి వాళ్ల లీగ్ నియమాన్ని తెచ్చుకుంటాను. బుండెస్‌లీగాలో మ్యాచ్‌కు దిగే పన్నెండు మందిలో కనీసం ఆరుగురు జర్మన్లు ఉండాలి. ఏ క్లబ్‌కైనా విదేశీయులను కొనుక్కోవడమే సులువు. ఈ నియమం వల్ల ప్రతి వారం పదుల మంది జర్మన్ పిల్లలకు కోర్టు మీద నిమిషాలు దొరికాయి. అవే తర్వాత కప్పయ్యాయి.

ఇంకో చిక్కు నియమాలది. మనవాళ్లు టీవీలో చూసేది ఎన్‌బీఏ, అంతర్జాతీయంగా ఆడేది ఫీబా ఆట. ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు, ఫీబాది 40. మూడు పాయింట్ల గీత ఎన్‌బీఏలో 7.24 మీటర్ల దూరం, ఫీబాలో 6.75. ఎన్‌బీఏలో డిఫెండర్ తన మనిషిని కాయకుండా రింగ్ ముందు మూడు సెకన్లకు మించి నిలబడితే తప్పు. ఫీబాలో ఆ నియమం లేదు, కాబట్టి పొడుగాటివాడు ద్వారపాలకుడిలా అక్కడే ఉండొచ్చు, ఒంటరిగా దూసుకెళ్లే హీరోలకు దారి దొరకదు. బంతి ఒకసారి రింగ్‌కు తాకాక ఎవరైనా దాన్ని కొట్టేయొచ్చు. ఐదు ఫౌళ్లకే ఆటగాడు బయటికి పోతాడు, ఎన్‌బీఏలో ఆరు. ఈ ఒక్క ఫౌల్ తేడాకే సెలక్షన్ లెక్క మారిపోతుంది. మీ ఏకైక మంచి సెంటర్ మొదటి పది నిమిషాల్లో రెండు ఫౌళ్లు చేస్తే కూర్చోబెట్టక తప్పదు. అందుకే పన్నెండు మందిలో తొమ్మిదోవాడు, పదోవాడు ఎవరన్నది స్టార్ ఎవరన్నంత ముఖ్యం. పాయింట్లు వేయడం పెద్దగా రాకపోయినా ఎదుటివాడి బెస్ట్ షూటర్‌కు ఎనిమిది నిమిషాలు ఊపిరాడకుండా చేసేవాడు ఒకడుంటాడు. మన సెలక్షన్స్‌లో అట్లాంటివాడు ఎప్పుడూ తెగ్గోతకే పోతాడు, ఎందుకంటే వాడి పని స్కోర్‌షీట్‌లో కనపడదు.

ఇక్కడ ఎత్తు గురించి చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర బాస్కెట్‌బాల్ అనగానే మొదట అడిగేది అదే. జిల్లా సెలక్షన్స్ ఒక పొద్దటిపూట చూడండి. సిమెంట్ కోర్టు, నెట్ లేని రింగ్, అరిగిపోయిన రబ్బర్ బంతి. పీఈటీ సార్ పిల్లల్ని వరుసలో నిలబెట్టి పొడుగును బట్టి ఎడమా కుడీ చేస్తాడు. పద్నాలుగేళ్లకే ఆరడుగులున్న పిల్లవాడిని రింగ్ కింద పెట్టి ‘నువ్వక్కడే ఉండు, బంతి వస్తే పైన వెయ్’ అంటారు. ఆ జట్టు గెలుస్తుంది కూడా. ఆ పిల్లవాడు ఆరడుగుల నాలుగంగుళాల దగ్గర ఆగిపోతాడు. జిల్లాలో వాడే ఏనుగు, అంతర్జాతీయ కోర్టు మీద ఆ ఎత్తు గార్డులది. కానీ వాడికి డ్రిబ్లింగ్ నేర్పలేదు, బయటి నుంచి షాట్ నేర్పలేదు. జర్మనీ ఫ్రాంజ్ వాగ్నర్ ఆరడుగుల పదంగుళాల మనిషి, బంతిని గార్డులా నడిపిస్తాడు. పొడుగున్నవాడికి చిన్నప్పుడు పొట్టివాడి పనులన్నీ నేర్పడం అక్కడి అలవాటు. మన దగ్గర పైగా వయసు దొంగలెక్కలు ఒకటి. పదిహేడేళ్లవాడు అండర్-14లో ఆడితే స్కూల్‌కు షీల్డ్ వస్తుంది, వాడికి సర్టిఫికెట్ వస్తుంది. నిజంగా పద్నాలుగేళ్లున్న గట్టి పిల్లవాడు ఆట మానేసి ఇంటర్ కోచింగ్‌కు పోతాడు.

పొట్టివాళ్ల దేశం ఏం చేయాలో జపాన్ చేసి చూపించింది. నన్నడిగితే భారత్ చదవాల్సిన పాఠం అమెరికాది కాదు, ఇదే. 2014 నవంబర్‌లో ఫీబా జపాన్‌ను సస్పెండ్ చేసింది. కారణం అక్కడ రెండు లీగ్‌లు పోటీపడి కొట్టుకుంటున్నాయి, సమాఖ్య తేల్చలేకపోయింది. ఆ దెబ్బతో ఫుట్‌బాల్ లీగ్ కట్టిన అనుభవమున్న సబురో కవాబుచిని పిలిపించి రెండింటినీ కలిపారు. 2016లో బీ.లీగ్ మొదలైంది. ఫలితాలు వెంటనే వచ్చాయనుకుంటే పొరపాటు. 2019 ప్రపంచ కప్‌లో ఐదు మ్యాచ్‌లూ ఓడారు. టోక్యో ఒలింపిక్స్‌లో పురుషుల జట్టు మూడూ ఓడింది. అదే టోక్యోలో మహిళల జట్టు మాత్రం ఫైనల్ దాకా వెళ్లి వెండి తెచ్చింది. కోచ్ టామ్ హోవాస్, ఎత్తులో ఎవరితోనూ పోటీపడలేమని ముందే ఒప్పుకుని, పరుగు, మూడు పాయింట్ల షాట్ మీద జట్టును కట్టాడు. తర్వాత అదే కోచ్‌ను పురుషుల జట్టుకు ఇచ్చారు. 2023 ప్రపంచ కప్‌లో ఫిన్‌లాండ్‌ను, వెనెజులాను, కేప్‌వెర్డేను ఓడించి పారిస్ ఒలింపిక్స్‌కు అర్హత సంపాదించారు. ఫిన్‌లాండ్ మీద మ్యాచ్ మలుపు తిప్పినవాళ్లలో యూకి కవమురా ఒకడు, ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి. మన బస్టాండులో నిలబడితే ఎవరూ తలెత్తి చూడరు. ఆ రోజు 25 పాయింట్లు కొట్టాడు.

ఆ మ్యాచ్‌లో అతని పక్కన ఉన్న జోష్ హాకిన్సన్ అమెరికాలో పుట్టి, జపాన్ లీగ్‌లో ఏళ్లపాటు ఆడి అక్కడి పౌరసత్వం తీసుకున్నవాడు. పదహారేళ్ల తర్వాత పౌరసత్వం పొందినవాడిని ప్రతి జట్టూ ఒక్కరిని ఆడించుకోవచ్చని ఫీబా నియమం. ఫిలిప్పీన్స్‌కు జోర్డాన్ క్లార్క్‌సన్, జోర్డాన్‌కు రోండే హాలిస్-జెఫర్సన్ ఇట్లాగే. దక్షిణ సూడాన్ ఇంకో దారి పట్టింది. 2011లో పుట్టిన దేశం, అప్పటికి సొంతగా ఇండోర్ స్టేడియం లేదు, యుద్ధం వల్ల ప్రపంచమంతా చెదిరిన కుటుంబాల పిల్లల్ని మాజీ ఎన్‌బీఏ ఆటగాడు లువోల్ డెంగ్ ఒక్కచోటికి చేర్చాడు. 2024 జులైలో లండన్‌లో అమెరికాతో సన్నాహక మ్యాచ్‌ను ఒక్క పాయింట్ తేడాతో పోగొట్టుకున్నారు, పారిస్‌లో ప్యూర్టోరికోను ఓడించారు.

ఇది చదివి, మన కరీంనగర్, వరంగల్ వాళ్ల పిల్లలు డాలస్‌లో, న్యూజెర్సీలో హైస్కూల్ జట్లకు ఆడుతున్నారు కదా, వాళ్లను పిలిపిస్తే పోదా అనిపించొచ్చు. ప్రతి రెండో ఇంట్లో అమెరికా సంబంధం ఉన్న ప్రాంతం మనది, ఆశ సహజం. కానీ మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లే దేశం తరఫున ఆడాలని 2008లోనే కేంద్రం తేల్చింది, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు పనికిరాదు. బంగారంలాంటి అమెరికా పాస్‌పోర్ట్‌ను ఇరవై ఏళ్ల పిల్లవాడు బాస్కెట్‌బాల్ కోసం వదులుకుంటాడా, వాళ్ల నాన్న వదులుకోనిస్తాడా? కాబట్టి దక్షిణ సూడాన్ దారి మనకు మూసుకున్నట్టే.

మన లెక్క సూటిగా చెప్తే ఇదీ. భారత పురుషుల జట్టు ఒలింపిక్స్ ఆడింది ఒక్కసారే, 1980 మాస్కోలో; చాలా దేశాలు బహిష్కరించడంతో దొరికిన చోటది, అన్ని మ్యాచ్‌లూ ఓడింది. 2014 ఆసియా కప్‌లో, వుహాన్‌లో, స్కాట్ ఫ్లెమింగ్ కోచ్‌గా చైనాను వాళ్ల గడ్డ మీదే 65-58తో ఓడించింది. విశేష్ భృగువంశీ, అమ్‌జ్యోత్ సింగ్, అమృత్‌పాల్ సింగ్ ఆడిన ఆ జట్టు ఒక మొదలు కావాల్సింది. మరుసటి ఏడాదే సమాఖ్య మాదంటే మాదని రెండు వర్గాలు గొడవకు దిగాయి. అదే 2015లో పంజాబ్ బల్లోకె గ్రామం నుంచి ఏడడుగుల రెండంగుళాల సత్నామ్ సింగ్‌ను ఎన్‌బీఏ జట్టు డాలస్ మావెరిక్స్, కొత్త ఆటగాళ్లను జట్లు పంచుకునే డ్రాఫ్ట్‌లో 52వ ఎంపికగా తీసుకుంది. దేశమంతా పండగ చేసుకున్నాం. ఎన్‌బీఏ సీజన్‌లో అతను ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, చివరికి రెజ్లింగ్‌కు వెళ్లిపోయాడు. చైనాకు ఎన్‌బీఏ స్టార్ యావ్ మింగ్ దొరికినప్పుడు వెనక 1995 నుంచి నడుస్తున్న లీగ్ ఉంది, అతనితో రోజూ తలపడే పొడుగాటివాళ్లు ఉన్నారు. సత్నామ్ వెనక ఏముంది? లూధియానాలో ఒక మంచి అకాడమీ ఉంది, అంతే. ఆడపిల్లలు కొంత నయం, 2017లో బెంగళూరులో జరిగిన ఆసియా కప్ బి డివిజన్‌ను కజకిస్తాన్‌ను 75-73తో ఓడించి గెలిచారు.

మన ఆటగాడికి గమ్యం ఏమిటో చూస్తే సగం విషయం తెలిసిపోతుంది. రైల్వేనో, సర్వీసెస్సో, ఓఎన్‌జీసీనో, ఇన్‌కమ్‌ట్యాక్సో. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చిందంటే ఇంట్లో దావత్. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ ఉద్యోగాలే లేకపోతే ఈ ఆట ఎప్పుడో అంతరించేది. కానీ ఉద్యోగం రావడంతోనే ఎదగాల్సిన అవసరం తీరిపోతుంది. ఇరవై రెండేళ్లకు మొదలు కావాల్సిన అసలు ఆట అక్కడే ఆగుతుంది. ఏడాదికి నేషనల్స్, ఇంకో రెండు మూడు ఆహ్వాన టోర్నీలు, మిగతా రోజులు క్యాంపు లేదా ఆఫీసు. యూరప్ కోచ్‌లకు ప్రాక్టీస్‌కు టైమ్ లేదని ఏడుపు, మనకు తిరగేసి: క్యాంపులు వారాల తరబడి ఉంటాయి, మ్యాచ్‌లే ఉండవు. రోజూ అదే పదిమంది అదే పదిమందితో ఆడితే ఎవడు ఎటు తిరుగుతాడో కళ్లు మూసుకునే చెప్పొచ్చు. లీగ్ కోసం ప్రయత్నాలు జరిగాయి, 2015లో యూబీఏ అని ఒకటి వచ్చింది, కొన్ని సీజన్లు నడిచి ఆగిపోయింది. ఆగిపోయే లీగ్ వల్ల మేలు కంటే కీడే ఎక్కువ, దాన్ని నమ్ముకుని ఉద్యోగం వద్దనుకున్న పిల్లవాడు రెంటికీ చెడ్డ రేవడవుతాడు.

ఇందులో వరంగల్‌లో కూర్చుని చేయగలిగింది ఏదైనా ఉందా? ఉంది, అది టోర్నమెంట్ రూపం మార్చడం. మన స్కూల్ ఆటలు దాదాపు అన్నీ నాకౌట్. పదహారు జట్లొస్తే మొత్తం పదిహేను మ్యాచ్‌లు. అందులో ఎనిమిది జట్లు ఒక్క మ్యాచ్ ఆడి, గ్రౌండ్‌లో పెట్టిన భోజనం తిని బస్సెక్కుతాయి. ఏడాదంతా ప్రాక్టీస్ చేసిన పిల్లవాడికి నలభై నిమిషాల ఆట, అదీ సబ్‌స్టిట్యూట్ అయితే నాలుగు నిమిషాలు. వాడు ఎక్కడ తప్పు చేశాడో మర్నాడు సరిచేసుకుందామంటే మర్నాడే లేదు. అదే ఉమ్మడి పది జిల్లాలు పది జట్లుగా, ఒకసారి సొంత ఊళ్లో ఒకసారి అవతలి ఊళ్లో ఆడేట్టు పెట్టుకుంటే ఒక్కో జట్టుకు పద్దెనిమిది మ్యాచ్‌లు. పది మరీ ఎక్కువనుకుంటే వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ నాలుగే చాలు. ఒక్కో జట్టుకు ఆరు, మొత్తం పన్నెండు మ్యాచ్‌లు. ఓడినా వచ్చే వారం ఇంకోటి ఉంటుందంటే కోచ్ కూడా ధైర్యం చేసి ఆ పొడుగాటి పిల్లవాడి చేతికి బంతి ఇచ్చి నడిపించమంటాడు. నాకౌట్‌లో ఆ ధైర్యం ఎవరూ చేయరు.

దీనికి వుడెన్ కోర్టు అక్కర్లేదు. సరిగ్గా 3.05 మీటర్ల ఎత్తులో రెండు రింగులు, నెట్‌లు, ఏడో నంబర్ బంతి మగపిల్లలకు, ఆరో నంబర్ ఆడపిల్లలకు, ఇద్దరు రిఫరీలు, షాట్ వేయడానికిచ్చే 24 సెకన్లు లెక్కపెట్టడానికి స్టాప్‌వాచ్ పట్టుకున్న ఒక మనిషి కావాలి. ఖర్చంతా ప్రయాణాల దగ్గరే. వరంగల్ నుంచి ఆదిలాబాద్ పోయిరావాలంటే శనివారం బయల్దేరితే ఆదివారం రాత్రికి గానీ ఇల్లు చేరరు. సోమవారం స్లిప్ టెస్ట్ ఉంటుంది. ఆ టెస్ట్‌ను ఒక్కరోజు జరిపించగలిగిన ప్రిన్సిపాల్ నాలుగు జిల్లాల్లో ఎంతమంది ఉన్నారన్నది ముందుగా తేల్చుకోవాల్సిన లెక్క.